అయాన్ ఒకటే, వెలుగు మాత్రం గాజును బట్టి
నియోడిమియం, యూరోపియం, ఎర్బియం లాంటి రేర్ ఎర్త్ మూలకాల మాట వస్తే హైదరాబాద్‌లో చర్చంతా తవ్వకాల చుట్టూనే తిరుగుతుంది. అది సహజమే. ఈ మూలకాలుండే మోనజైట్ ఖనిజం భీమిలి తీరపు ఇసుకలో ఉంది. అలాంటి నిల్వలను వెతికే అణు ఖనిజ సంస్థ ప్రధాన కార్యాలయం మన బేగంపేటలోనే ఉంది. కానీ ఆ మూలకాన్ని గాజులో కలిపాక ఎంత వెలుగు వస్తుందో తేల్చేది గాజు కూర్పే. దీని మీద ఇంకా ఎక్కువ మాట్లాడుకోవాలి.

1961లో అమెరికాలో ఎలియాస్ స్నిట్జర్ నియోడిమియం కలిపిన గాజుతో లేజర్ చేసి చూపించారు. మరుసటి ఏడాదే జడ్, ఓఫెల్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ వెలుగు తీవ్రతను లెక్కించే ఒకే సిద్ధాంతానికి ఎవరికి వారు చేరారు. రేర్ ఎర్త్ అయాన్‌లో (ఎలక్ట్రాన్లు కోల్పోయిన పరమాణువులో) వెలుగుకు కారణమైన 4ఎఫ్ అనే లోపలి పొర ఎలక్ట్రాన్లు పై కక్ష్యల చాటున ఉంటాయి. అందుకే గాజు మారినా రంగు పెద్దగా మారదు, తీవ్రత మారుతుంది. యూరోపియంలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. అయాన్ చుట్టూ ఆక్సిజన్ల అమరికలో సౌష్ఠవం తగ్గేకొద్దీ, 590 నానోమీటర్ల దగ్గరి నారింజ కంటే 612 దగ్గరి ఎరుపు బలపడుతుంది.

అసలు చిక్కు గాజులోని పరమాణువుల కంపనాలది. అయాన్ తన శక్తిని కాంతిగా వదిలేలోపే గాజు దాన్ని వేడిగా లాగేసుకోగలదు. ఈ శక్తిని సెంటీమీటరుకు ఎన్ని తరంగాలో లెక్కగట్టి చెబుతారు. ఆ లెక్కలో కంపనాల శక్తి బోరాన్ ఆక్సైడ్‌తో చేసే బోరేట్ గాజులో సుమారు 1400, సిలికాలో 1100, ఫ్లోరైడ్‌లో 500–600. ప్రసియోడిమియం అనే రేర్ ఎర్త్‌లో 1.3 మైక్రాన్ల వెలుగునిచ్చే శక్తి స్థాయికి, దాని కింది స్థాయికి మధ్య అంతరం అదే లెక్కలో దాదాపు 3000 మాత్రమే. సిలికాలో ఆ అంతరాన్ని పూడ్చడానికి మూడు కంపనాలు చాలు, వెలుగు పోయినట్టే. 1970ల మధ్యలో ఫ్రాన్స్‌లోని రెన్‌లో బయటపడిన ఫ్లోరైడ్ గాజుల్లో అది నిలిచింది. ఎర్బియం అంతరం 6500 కావడంతో సిలికాలోనూ బతికింది. 1987లో ఇంగ్లాండ్‌లోని సౌతాంప్టన్‌లో వచ్చిన ఫైబర్ ఆంప్లిఫయర్‌కు (గాజు తీగలో కాంతి సంకేతాన్ని బలపరిచే సాధనానికి) అదే ఆధారం. అయితే శుద్ధ సిలికాలో ఈ అయాన్లు గుంపులుగా చేరి, ఒకదాని వెలుగును ఒకటి చంపేస్తాయి. కొంచెం అల్యూమినా కలిపితే విడిపోతాయి.

ఉస్మానియా ఫిజిక్స్ ల్యాబుల్లో బోరేట్ గాజుల మీద ఎన్నో ఏళ్లుగా పని జరుగుతోంది. తక్కువ వేడికే కరుగుతాయి కాబట్టి విద్యార్థులకు అవి అందుబాటులో ఉంటాయి. కానీ బోరాన్ ఆక్సైడ్ తేమను పీల్చుకుంటుంది, వానాకాలంలో మరీనూ. ఆ తేమ వల్ల గాజులో మిగిలిన హైడ్రాక్సిల్‌కు (ఆక్సిజన్, హైడ్రోజన్ జంటకు) ఎర్బియం శక్తిని మింగడానికి రెండు కంపనాలు చాలు. అందుకే వెలుగు కొలతలతో పాటు హైడ్రాక్సిల్ శోషణ కూడా కొలిచి చెప్పాలి. లేకపోతే కూర్పు వల్ల తగ్గిందెంతో, తేమ వల్ల తగ్గిందెంతో విడదీయలేం.