నెలలు నిండని బిడ్డకు పాలు ఎందుకు ఆపేస్తారు?

మా పిన్ని కూతురికి ఏడో నెలలోనే కాన్పయింది. కావలి నుంచి అంబులెన్స్‌లో నెల్లూరు తెచ్చి బిడ్డను బాక్సులో పెట్టారు, బరువు కిలో రెండొందల గ్రాములు. ఊపిరి సర్దుకుంది, ముక్కు గొట్టంలోంచి పాలు పోస్తున్నారు, గండం గడిచిందనుకుంటుండగా పద్దెనిమిదో రోజు పొట్ట ఉబ్బింది, పచ్చగా పసరు కక్కాడు, విరేచనంలో నెత్తురు కనబడింది. వెంటనే పాలు ఆపేశారు. "పాలే ఆపేస్తే బిడ్డ ఎట్టా బతుకుద్ది సారూ" అంటూ పిన్ని తలుపు దగ్గరే కూలబడింది.

ఈ జబ్బు పేరు నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్, ఆసుపత్రుల్లో ఎన్‌ఈసీ అంటారు. పేగు గోడ వాచి, అక్కడక్కడా చచ్చిపోతుంది. కిలోన్నర కన్నా తక్కువ బరువుతో పుట్టిన వందమందిలో సుమారు 5 నుంచి 10 మందికి వస్తుంది, వచ్చినవాళ్లలో 20 నుంచి 30 శాతం మంది దక్కరు. ఎక్కువగా పుట్టిన రెండు మూడు వారాలకు, అంతా బాగుందనుకున్నప్పుడే బయటపడుతుంది.

కారణం ఒక్కటే అని చెప్పలేం గానీ అసలు మూలం పేగు పూర్తిగా ఎదగకపోవడమే. పేగు లోపలి పొర మీద టీఎల్ఆర్4 అనే గ్రాహకం, అంటే సూక్ష్మజీవుల జాడ పసిగట్టే ప్రోటీన్, ఉంటుంది. గర్భంలో ఉన్నంతకాలం పేగు ఎదగడానికి అదే సాయం చేస్తుంది, అందుకే నెలలు తక్కువ బిడ్డలో అది మరీ ఎక్కువ. బయటికొచ్చాక పేగులో సూక్ష్మజీవులు చేరేసరికి అదే గ్రాహకం అతిగా స్పందించి వాపు తెస్తుంది, రక్తప్రసరణ తగ్గిస్తుంది. బలహీనపడ్డ గోడలోకి సూక్ష్మజీవులు దూరి గ్యాస్ పుట్టిస్తాయి. ఎక్స్‌రేలో డాక్టర్లు వెతికేది గోడలో ఇరుక్కున్న ఆ బుడగల కోసమే. పేగుకు చిల్లు పడితే ఆపరేషన్ తప్పదు. లేకపోతే పాలు ఆపి పేగుకు విశ్రాంతి ఇస్తారు, గొట్టంతో పొట్టలోని గాలి తీస్తారు, యాంటీబయాటిక్స్ ఇస్తారు, ఆహారం నరం ద్వారా ఎక్కిస్తారు. అంటే బిడ్డను పస్తు పెట్టడం లేదు.

ఇప్పటికి మన చేతిలో ఉన్న గట్టి రక్షణ తల్లిపాలు. బ్రిటన్‌లో 926 మంది నెలలు తక్కువ బిడ్డల మీద చేసి 1990లో ప్రచురించిన పరిశీలనలో, డబ్బాపాలు మాత్రమే తాగినవాళ్లకు ఈ జబ్బు తల్లిపాలు మాత్రమే తాగినవాళ్లకన్నా 6 నుంచి 10 రెట్లు ఎక్కువగా వచ్చింది. ఒంగోలు ఆవు ఈనిందంటే ముందు దూడను పొదుగు దగ్గరికి తోస్తాం, తర్వాతే జున్నుకు పిండుకుంటాం. అంత తెలిసిన మనమే మనిషి బిడ్డ దగ్గరికొచ్చేసరికి ముర్రుపాలు పారబోసి తేనె నాకించడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అయితే తల్లిపాలు తాగినా కొందరికి వస్తుంది, కాబట్టి దయచేసి ఆ తల్లిని ఎవరూ ఒక్క మాట అనొద్దు.

మావాడికి చిల్లు పడలేదు. పాలు ఆపిన పది రోజులూ మా చెల్లెలు మాత్రం పాలు ఇంకిపోకుండా రాత్రీ పగలూ మూడు గంటలకోసారి పిండి, నర్సమ్మ చేత డీప్ ఫ్రిజ్‌లో పెట్టించింది. పదకొండో రోజు సిరంజితో పోసింది అందులోవే, పూటకు ఒక్క మిల్లీలీటరు.