యెహెజ్కేలు చక్రాలు, టీవీకెక్కిన దేవుళ్లు

పురాణాల్లోని దేవతలు వేరే గ్రహాల నుంచి దిగినవాళ్లేనన్న మాట ఇప్పుడు యూట్యూబ్‌లో తెలుగులోనూ కావలసినంత వినబడుతోంది. పుష్పక విమానం ఒక అంతరిక్ష నౌక అంటారు. బైబిల్లో యెహెజ్కేలు ప్రవక్త దర్శనంలో చూసిన, రెక్కల జీవులతో కదిలే చక్రాల సింహాసనం మరో నౌక అంటారు. ఆ గ్రంథాల గౌరవం పెంచుతున్నామనే చాలామంది నమ్మకం. ఈ వాదం ఎలా ఊపందుకుందో, టీవీ దాన్ని ఎలా వాడుకుందో, బైబిల్ పండితులు దాన్నెందుకు ఒప్పుకోలేదో తెలుసుకున్నాక మాత్రం, ఆ గ్రంథాలకు మేలుకంటే నష్టమే ఎక్కువ జరిగిందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

1967 సెప్టెంబరులో అమెరికాలో ప్రసారమైన ‘స్టార్ ట్రెక్’ అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ ఎపిసోడ్ ఒకదానిలో ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌకను పెద్ద చెయ్యి ఒకటి పట్టి ఆపేస్తుంది. అది గ్రీకు దేవుడు అపోలోది. గ్రీకులు కొలిచిన దేవతలంతా అంతరిక్ష యాత్రికులేనని కథ తేలుస్తుంది. మళ్లీ తనను పూజించమని అపోలో అడిగితే, మనుషులకు దేవుళ్లతో పనిలేదు, ఉన్న ఒక్కడు చాలంటాడు కెప్టెన్ కిర్క్. సీరియల్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ బాప్టిస్టు కుటుంబంలో పెరిగి, పెద్దయ్యాక మతం వదిలేసిన మానవవాది. ఆ ‘ఒక్కడు’ అప్పటి ప్రేక్షకుల కోసం పడిన మాటే అయ్యుంటుంది.

టీవీలో కల్పనగా వచ్చిన ఇలాంటి ఊహనే మరుసటి ఏడాది స్విట్జర్లాండ్ హోటల్ మేనేజరు ఎరిక్ ఫాన్ డేనికెన్ నిజమంటూ పుస్తకం వేశాడు. మన ఇతిహాసాల్లోని విమానాలూ యెహెజ్కేలు చక్రాలూ రెండూ ఆయనకు సాక్ష్యాలయ్యాయి. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. మనిషి చంద్రుడి దాకా వెళ్తున్న రోజులవి. ఆ 1968 డిసెంబరు 24నే అపోలో 8 వ్యోమగాములు చంద్రుడి చుట్టూ తిరుగుతూ ఆదికాండములోని మొదటి పది వచనాలు చదివితే కోట్లమంది విన్నారు.

నాసా ఇంజనీరు జోసెఫ్ బ్లూమ్రిచ్ డేనికెన్‌ది తప్పని నిరూపించాలని కూర్చుని, చివరికి ఆయన వైపే తిరిగాడు. యెహెజ్కేలు గ్రంథం మొదటి అధ్యాయం ముందుపెట్టుకుని నౌక నమూనా గీశాడు. పక్కకు తిప్పకుండానే ఏ దిక్కుకైనా దొర్లే చక్రానికి 1974లో పేటెంటు కూడా పొందాడు. అదే ఏడాది బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు ‘వైమానిక శాస్త్రం’ అనే సంస్కృత గ్రంథాన్ని పరిశీలించారు. అది ప్రాచీన గ్రంథం కాదనీ, 20వ శతాబ్దం మొదట్లో రాసినదేననీ, అందులోని విమానాలు ఎగరలేవనీ తేల్చారు. డేనికెన్ మాటలు పాకినంత వేగంగా ఈ తీర్పు జనంలోకి పోలేదు.

బైబిల్ పండితులు యెహెజ్కేలును చదివే పద్ధతి వేరు. క్రీ.పూ. 597లో బబులోను (నేటి ఇరాక్) రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకుని, రాజు యెహోయాకీనునూ పెద్దలనూ పనివాళ్లనూ చెరపట్టుకుపోయాడు. వాళ్లలో ఒకడు యాజకుడైన యెహెజ్కేలు. చెరలో ఐదో ఏట, అంటే 593లో, కెబారు నది ఒడ్డున ఆయనకు దర్శనం కలిగింది. కెబారు నిజానికి ఒక కాలువ. బబులోను దేశపు పాత నగరం నిప్పూరు తవ్వకాల్లో దొరికిన మట్టి పలకల మీద దాని పేరుంది. దర్శనంలో కనిపించిన జీవులకున్న మనిషి, సింహం, ఎద్దు, పక్షిరాజు ముఖాలు కూడా ఆ నేలకు కొత్తవి కావు. మనిషి తలతో, రెక్కలతో ఉన్న ఎద్దుల శిల్పాలు అష్షూరు రాజభవనాల ద్వారాల దగ్గర కాపలాగా నిలిచేవి.

యాజకుడికి దేవుడి సన్నిధి అంటే యెరూషలేము ఆలయమే. వందల మైళ్ల దూరం ఈడ్చుకొచ్చిన మనుషులకు అప్పుడు తట్టే ప్రశ్న ఒకటే: దేవుడు అక్కడే ఉండిపోయాడా? దర్శనంలో దొరికిన జవాబు, సింహాసనానికి చక్రాలున్నాయని. పదో, పదకొండో అధ్యాయాల్లో ఆ మహిమ ఆలయం విడిచి, నగరం దాటి, తూర్పు కొండ మీద నిలుస్తుంది. పైగా ప్రవక్త ప్రతి వాక్యంలోనూ సింహాసనం వంటిది, మనుష్యరూపం వంటిది అంటూ జాగ్రత్తగా మాట్లాడతాడు. ఇక్కడ నట్లూ బోల్టులూ వెతికితే, ఇల్లూ ఊరూ పోగొట్టుకున్నవాళ్ల దుఃఖం చేజారిపోతుంది.

సైన్స్ ఫిక్షన్ టీవీ ఆ దుఃఖాన్ని పట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. 1978లో ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ తీసిన గ్లెన్ లార్సన్ మోర్మన్, అంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖకు చెందినవాడు. ఆ సీరియల్‌లో మనుషుల పూర్వీకుల గ్రహం కోబోల్. మోర్మన్ల పవిత్ర గ్రంథాల్లో ఒకటైన ‘అబ్రాహాము గ్రంథం’లో దేవుడి సింహాసనానికి దగ్గరున్న నక్షత్రం కోలోబ్. పన్నెండు గ్రహాలు నాశనమై, మిగిలినవాళ్లు తప్పిపోయిన పదమూడో గోత్రాన్ని వెతుక్కుంటూ పోతారు. ఇశ్రాయేలు పన్నెండు గోత్రాలు గుర్తుకురాక మానవు.

రాడెన్‌బెరీ 1991లో చనిపోయాడు. 1993 జనవరిలో మొదలైన కొత్త ‘స్టార్ ట్రెక్’ సీరియల్ ‘డీప్ స్పేస్ నైన్’లో మతం పక్కకు తోసేసే విషయం కాదు. పరాయి పాలనలో నలిగి అప్పుడే బయటపడ్డ బజోరన్లు అనే గ్రహవాసులు అంతరిక్షంలోని సొరంగంలో ఉండేవాళ్లను ప్రవక్తలంటారు, మనుషులు పనిచేసే అంతరిక్ష దళం స్టార్‌ఫ్లీట్ వాళ్లను గ్రహాంతర జీవులంటుంది. కాలం అంటే ఏమిటో ఆ సొరంగవాసులకు తెలియదు. మొదటి ఎపిసోడ్‌లో స్టార్‌ఫ్లీట్ కమాండర్ సిస్కో ఆ సంగతి వివరించబోతే, భార్య చనిపోయిన ఘడియకే వాళ్లు మళ్లీ మళ్లీ తీసుకెళ్తారు. నువ్వు ఉంటున్నది ఇక్కడేనంటారు. ఆ సీజన్ చివర సొరంగం గురించి బడిలో ఏం చెప్పాలన్న తగాదా వస్తుంది. నిజజీవితంలో ఇలాంటి తగాదాలోనే, సృష్టివాదాన్నీ పరిణామవాదంతో పాటు చెప్పాలన్న లూసియానా చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది అంతకు ఆరేళ్ల ముందే.

ఆ సీరియల్ రచయితల్లో ఒకరైన రోనాల్డ్ మూర్ 2003లో ‘గెలాక్టికా’ను తిరగరాశాడు. ఇందులో మనుషులు అనేక దేవతలను కొలుస్తారు. వాళ్లను ఊచకోత కోసిన సైలాన్ యంత్రాలు ఒక్క దేవుణ్ణే నమ్ముతాయి. మిగిలినవాళ్లు దాదాపు 50 వేలమంది. ఎంతమంది బతికున్నారో ప్రెసిడెంట్ రోస్లిన్ తెల్లబోర్డు మీద రాసిపెట్టుకుని, ఒక్కొక్కరు పోయినప్పుడల్లా చెరిపి మళ్లీ రాస్తుంది. చావు దగ్గరపడిన నాయకురాలు జనాన్ని కొత్త ఇంటికి చేరుస్తుందని వాళ్ల గ్రంథంలో ఉంది. ఆమెకు క్యాన్సర్. జనాన్ని వాగ్దాన భూమి అంచుదాకా నడిపించి చనిపోయిన మోషే కథ తెలిసినవాళ్లకు ఆమె దారి ఎటో ముందే తెలిసిపోతుంది.

2009 మార్చి 17న న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయంలో ఈ సీరియల్ బృందంతో మానవహక్కులూ ఉగ్రవాదమూ మతాల మధ్య సయోధ్యా చర్చకొచ్చాయి. మూడు రోజులకు చివరి ఎపిసోడ్ వచ్చింది. అన్నిటి వెనకా దైవం ఉందన్న ముగింపు చూసి, శాస్త్రీయమైన జవాబు ఎదురుచూసిన ప్రేక్షకులు చాలామంది మండిపడ్డారు. వాళ్ల నిరాశ నాకు అర్థమవుతుంది. కానీ మొదటి నుంచీ సైలాన్ల నోట దేవుడి మాట ఉంది, మొదటి సీజన్‌లోనే రోస్లిన్ గ్రంథాన్ని నమ్మి దారి మార్చింది. ఆ ముగింపు ఎక్కడి నుంచో ఊడిపడిందని మాత్రం నేను ఒప్పుకోను.