టమాటా ఆకుముడతకి మందు లేదండీ: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఈ వారంలో ఇది నాలుగోసారి. వాట్సాప్‌లో ఒక ఫోటో, కింద "అన్నా, ఆకులు ముడుచుకుపోతున్నాయి, ఏం మందు కొట్టాలి?" అని. నర్సరీ నడుపుతున్న ఇన్నేళ్లలో మిద్దెతోట వాళ్లు ఎక్కువగా అడిగింది ఇదే, ఎక్కువ మొక్కలు పోగొట్టుకునేదీ దీనివల్లే.

అపోహ: మంచి మందు పడితే ముడత మొక్క తేరుకుంటుంది.

తేరుకోదు. అది వైరస్, తెల్లదోమ మోసుకొస్తుంది. పుల్ల మజ్జిగ, ఇంగువ నీళ్లు, పంచగవ్య, షాపులో ఇచ్చిన ఖరీదైన డబ్బా, ఏది కొట్టినా మొక్కలోకి వెళ్లిన వైరస్ చావదు. వేపనూనె దోమని తగ్గిస్తుంది, అంతవరకే. మీరు మందులు మారుస్తూ కూర్చున్న పదిహేను రోజుల్లో దోమలు ఆ మొక్క రసం పీల్చి పక్క కుండీల మీద వాలతాయి. పోయినేడాది మా దగ్గర నారు తీసుకెళ్లిన ఒక అక్క ఇరవై గ్రో బ్యాగులు పెట్టింది, ఒక్కదానికి ముడత వచ్చింది, తన చేత్తో పెట్టిన మొదటి మొక్క, పీకడానికి చెయ్యి రాలేదు. నెల తిరిగేసరికి పద్నాలుగు పోయాయి. తప్పు ఆమెది కాదు, అడిగిన ప్రతివాళ్లూ ఏదో ఒక స్ప్రే పేరు చెప్పారే గానీ పీకెయ్యమని ఒక్కరూ చెప్పలేదు, నాకు కోపం వచ్చేది అక్కడే.

అలాగని ముడుచుకున్న ప్రతి ఆకూ వైరస్ కాదు, కంగారుపడొద్దు. కింది ఆకులు పైకి గొట్టంలా చుట్టుకుని, దళసరిగా, పచ్చగానే ఉండి, పైన చిగురు బాగా వస్తుంటే అది ఎండ వల్ల, ఏప్రిల్ మేలో మామూలే. షేడ్‌నెట్ కట్టి నీళ్లు టైముకి పోస్తే చాలు. చిగురాకులే చిన్నవైపోయి, గిన్నెలా వంగి, అంచులు పసుపెక్కి, కణుపులు దగ్గరపడి మొక్క గుబురుగా పొట్టిగా ఆగిపోతే మాత్రం వైరస్సే.

మా నాన్న మదనపల్లె దగ్గర టమాటా వేసేవాడు. పొద్దున్నే, దోమ ఇంకా ఎగరలేక మందకొడిగా ఉన్నప్పుడే వెళ్లి, ముడత మొక్క మీద సంచి కప్పి సంచితో సహా పీకేవాడు. పూత ఉంది కదా నాన్నా అంటే, ఆ పూత నిలవదురా అనేవాడు. మీరూ అలాగే పాలిథీన్ కవర్ కప్పి పీకండి, విదిలించొద్దు.

మొన్న రాత్రి పదింటికి ఒకమ్మ ఫోన్, ముడత మొక్క కాయలు పిల్లలకి పెట్టేశాను అని గొంతు వణుకుతోంది. ఏమీ కాదమ్మా, ఈ వైరస్ మనుషులకి రాదు. మట్టి కూడా పారేయక్కర్లేదు, ఇది మట్టిలో ఉండదు.

జాగ్రత్త నారు దగ్గరే మొదలవ్వాలి. దోమ దూరని నెట్ కింద పెంచిన నారే అడగండి, పసుపు జిగురు అట్టలు కట్టండి, లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి వారానికోసారి సాయంత్రం ఆకు అడుగున తడిసేలా కొట్టండి. బెంగళూరు ఐఐహెచ్ఆర్ (ఉద్యాన పరిశోధన సంస్థ) వాళ్ల టమాటా రకాలు అర్క రక్షక్, అర్క అభేద్ ముడతని బాగా తట్టుకుంటాయి.

మిగతావి గబగబా చెప్పేస్తా. ఆకు పసుపెక్కితే నీళ్లు తక్కువని ఇంకా పోస్తుంటారు, చాలాసార్లు ఎక్కువై వేరు కుళ్లడమే కారణం, వేలు పెట్టి చూసి పోయండి. కింది ఆకుల మీద గుండ్రటి రింగులున్న గోధుమ మచ్చలు మాడు తెగులు, ఆ ఆకులు తుంచేసి, ఆకులు తడవకుండా మొక్క మొదలు దగ్గరే నీళ్లు పోయండి, ఆగకపోతే మాంకోజెబ్ అనే తెగులు మందు లీటరు నీళ్లకి 2.5 గ్రాములు కలిపి కొట్టండి. ఆకు లోపల పురుగు తొలిచి వంకర టింకర తెల్ల గీతలు పడితే అది పాముపొడ, ఆ ఆకు తుంచితే చాలు. ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం ఉప్పు) అన్నిటికీ కాదు, ముదురాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపైతేనే.

ఆకు పచ్చగా ఉండగానే మొక్క ఒక్కసారిగా వాడిపోతే కాండం కోసి గ్లాసు నీళ్లలో వేలాడదీయండి, కాసేపట్లో పాలలాంటి తీగలు దిగితే బ్యాక్టీరియా ఎండు తెగులు. ఆ కుండీ మట్టిలో మాత్రం మళ్లీ టమాటా, వంగ, మిరప పెట్టొద్దు.