‘కలెక్టర్ గారు ఒక్క సంతకం పెడితే చాలు’: అపోహలు - వాస్తవాలు

రెవెన్యూ శాఖలో చేరినప్పటి నుంచి రిటైరయ్యేదాకా నేను ఎక్కువగా విన్న మాట ఇదే: "కలెక్టర్ గారు తలచుకుంటే ఎంతసేపు సార్, ఒక్క సంతకం పెడితే చాలు." పొలం తగాదాల్లో ఉన్నవాళ్లూ అదే అంటారు, పింఛను ఆగినవాళ్లూ అదే అంటారు, కొడుకు బదిలీ కోసం తిరిగేవాళ్లూ అదే అంటారు. రిటైరైనా ఆ మాట నన్ను వదల్లేదు. ఆ మధ్య ఒక పెళ్లిలో బంధువొకాయన వాట్సాప్ మెసేజ్ చూపించాడు. కలెక్టరుకు అర్జీ పెడితే 90 రోజుల్లో రిజిస్ట్రేషన్ రద్దయి భూమి వెనక్కి వస్తుందట! అలా 90 రోజుల్లో భూమి వెనక్కి ఇప్పించే నిబంధన నాకెక్కడా కనబడలేదు. ఇలాంటివి రాసి పంపేవాళ్లకు ఏం వస్తుందో గానీ, ఆ మెసేజ్ నమ్మి వకీలు దగ్గరికి వెళ్లడం మానేసిన మనిషి నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. ఇలాంటివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: కలెక్టర్ అంటే జిల్లాకు రాజు, ఆ పదవి మొదటి నుంచీ అంతే

ఆ పదవి పుట్టింది శిస్తు వసూలు కోసం. 1765లో బెంగాల్ దివానీ, అంటే శిస్తు వసూలు హక్కు, ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. శిస్తు వ్యవహారం చూడటానికి 1769లో సూపర్వైజర్లను వేశారు. 1772లో వారన్ హేస్టింగ్స్ వాళ్లనే కలెక్టర్లు అన్నాడు. మరుసటి ఏడాదే వాళ్లను వెనక్కి పిలిపించారు. మళ్లీ వేశారు. 1787లో జడ్జి పని, మేజిస్ట్రేటు పని కూడా వాళ్ల మీదే పెట్టారు. అప్పుడు గవర్నర్ జనరల్‌గా ఉన్న కారన్‌వాలిసే 1793లో ఆ రెండూ తీసేశాడు. శిస్తు ఎక్కువ లాగాడని ఎవరి మీద ఫిర్యాదు చేయాలో, ఆ ఫిర్యాదు వినే జడ్జి కూడా ఆయనే అయితే కట్టేవాడికి న్యాయం ఎక్కడ దొరుకుతుంది? కారన్‌వాలిస్ చూసిన లోపం అదే. ఇరవై ఏళ్లలో ఒకే పేరు కింద ఇన్ని అధికారాలు వచ్చాయి, పోయాయి.

మన వైపు ఉత్తర సర్కారుల్లో (కోస్తా జిల్లాల్లో) మచిలీపట్నం, విశాఖపట్నం కేంద్రాలుగా చీఫ్, కౌన్సిల్ పద్ధతిలో, అంటే ఒక పెద్ద అధికారి, ఆయనకో సలహా మండలి ఉండి, పాలన నడిచేది. 1794లో దాన్ని తీసేసి కలెక్టర్లను పెట్టారు. 1800లో నిజాం దత్తమండలాలను (మన రాయలసీమ వైపు ప్రాంతాలను) కంపెనీకి ఇచ్చేశాక థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. ఊరూరా పొలాలు కొలిపించి రైతుల వారీగా శిస్తు నిర్ణయించాడు. బంగళాలో కూర్చోకుండా గుడారాలతో ఊళ్లు తిరిగేవాడు. మా పెద్దవాళ్లు మన్రో పేరు చాలా గౌరవంగా తలచుకునేవారు. తిరుమలలో మన్రో గంగాళం అనే పేరు ఈనాటికీ ఉంది. కలెక్టర్ దొర దాకా వెళ్తే ఏదైనా తేలిపోతుందన్న నమ్మకం మా సీమలో ఆ రోజుల నుంచే పాతుకుపోయిందని నా అభిప్రాయం. మన్రో సిఫారసులతోనే 1816లో మద్రాసు ప్రెసిడెన్సీలో మేజిస్ట్రేటు అధికారం, పోలీసుల మీద పెత్తనం కలెక్టరుకు వచ్చాయి. పోలీసు శాఖ 1859లో విడిపోయింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1802లోనే జిల్లా కోర్టులు పెట్టారు. ఆస్తి హక్కు ఎవరిదన్న తీర్పు వాటి చేతికి వెళ్లింది. 1816లో కలెక్టరుకు అన్ని అధికారాలు వచ్చినప్పుడు కూడా అది మాత్రం తిరిగి రాలేదు. కలెక్టర్ ఎందుకు తేల్చరని నన్ను నిలదీసినవాళ్లందరికీ నేను చెప్పింది ఇదే. ఇది ఈనాటి అధికారుల నిర్లక్ష్యం వల్ల వచ్చింది కాదు, 200 ఏళ్లకు పైగా ఉన్న ఏర్పాటు.

తెలంగాణలో కథ వేరు. 1865లో నిజాం ప్రధాని సాలార్‌జంగ్ జిల్లాబందీ చేసినప్పుడు, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టినప్పుడు, జిల్లా పెద్దను తాలూక్‌దార్ అన్నారు. అవ్వల్ తాలూక్‌దార్ అంటే ఇప్పటి కలెక్టరుతో సమానం. హైదరాబాద్ రాష్ట్రం 1948లో భారతదేశంలో కలిశాకే అక్కడ కలెక్టర్ అనే మాట స్థిరపడింది. తహసీల్దార్ మాత్రం ఆనాటి నుంచీ అలాగే ఉండిపోయాడు.

ఇప్పుడు కలెక్టర్ రోజులో శిస్తు పని ఎంత ఉంటుంది? దాదాపు ఏమీ ఉండదు. ఎన్నికలు వస్తే ఆయనే జిల్లా ఎన్నికల అధికారి. తుపాను వస్తే 2005 చట్టం కింద జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు ఆయనే అధ్యక్షుడు. ధాన్యం కొనుగోళ్లు, హాస్టళ్లు, ఇళ్ల స్థలాలు, భూసేకరణ, శాంతిభద్రతల సమీక్ష, అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. ఇన్ని పనులు ఒకే మనిషి దగ్గర కనబడుతుంటే కోర్టు పని కూడా ఆయనదే అనుకోవడంలో జనం తప్పేమీ లేదు. మేజిస్ట్రేటు అన్న మాట చూసి ఇంకా పొరబడతారు. 1974 ఏప్రిల్ 1 నుంచి అమలైన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ జుడీషియల్ మేజిస్ట్రేట్లను, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లను వేరు చేసింది. కలెక్టర్ రెండో రకం. నిషేధాజ్ఞలు ఇవ్వగలరు గానీ, దొంగతనం కేసులో శిక్ష వేయలేరు.

అపోహ: భూమి ఎవరిదో కలెక్టర్ తేలుస్తారు

జనం ఎక్కువగా నష్టపోయేది దీనివల్లే.

ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల మధ్య భూమి హక్కు ఎవరిది అన్న ప్రశ్న సివిల్ కోర్టుదే. రిజిస్టరైన సేల్ డీడ్ మోసంతో రాయించుకున్నదని మీరంటే, అది నిజమో కాదో సాక్ష్యాలు విని రద్దు చేయాల్సింది కూడా సాధారణంగా కోర్టే. పాస్‌బుక్, అడంగల్, 1బి, పహాణీ రికార్డులే గానీ హక్కును పుట్టించే కాగితాలు కావు. ఆంధ్రప్రదేశ్‌లో నడుస్తున్న 1971 నాటి పాస్‌బుక్ చట్టం, వేరే రుజువు వచ్చేదాకానే ఆ ఎంట్రీ నిజమని భావించాలంటుంది. ఆ ఎంట్రీ వల్ల హక్కు దెబ్బతిన్నవాళ్లు డిక్లరేషన్ దావా (హక్కు తమదని ప్రకటించమని కోర్టును అడిగే దావా) వేసుకోవచ్చని అదే చట్టం 8(2) సెక్షన్ చెబుతోంది.

సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే కార్యక్రమంలో మీరిచ్చిన అర్జీ ఎటు వెళ్తుందో కూడా తెలుసుకోండి. కలెక్టర్ గారు చదివి, ఆర్‌డీఓ (రెవెన్యూ డివిజన్ అధికారి) పేరు రాసి సంతకం పెడతారు. మీరు ఆ సంతకం చూసి సంతోషంగా ఇంటికి వెళ్తారు. సెక్షన్‌లో నంబరు పడి అది ఆర్‌డీఓ ఆఫీసుకు, అక్కడి నుంచి తహసీల్దారుకు వెళ్తుంది. ఆయన వీఆర్వోను (గ్రామ రెవెన్యూ అధికారిని) గానీ ఆర్‌ఐని (రెవెన్యూ ఇన్‌స్పెక్టరును) గానీ రిపోర్టు అడుగుతాడు. అంటే మీరు ఎవరి మీద నమ్మకం లేక పైకి వెళ్లారో, కాగితం తిరిగి వాళ్ల దగ్గరికే వస్తుంది. వాళ్లు చూసి, ఇది సివిల్ తగాదా అని రాస్తారు. అది ఎండార్స్‌మెంట్‌గా, అంటే ఆఫీసు ఇచ్చే రాతపూర్వక జవాబుగా, మీకు వస్తుంది. మీరు వచ్చే సోమవారం మళ్లీ బయలుదేరుతారు.

ఒక పెద్దావిడ నాకు బాగా గుర్తు. బట్టల షాపు ప్లాస్టిక్ కవరు నిండా అర్జీల రసీదులు తెచ్చింది. ఆ సోమవారం కార్యక్రమాన్ని గ్రీవెన్స్ డే అన్నప్పటివి ఉన్నాయి, మీకోసం నాటివి ఉన్నాయి, స్పందన నాటివి ఉన్నాయి. అడుగున ఉన్నవి మడతల దగ్గర చిరిగిపోతే గోధుమరంగు టేపు అంటించింది. భర్త పోయాక మరిది ఉమ్మడి పొలమంతా తన పేర ఎక్కించుకున్నాడు. అందులో కొంత బయటివాళ్లకు అమ్మేశాడు. ఒక్కో రసీదు వెనక ఒక ఎండార్స్‌మెంట్ పిన్ను చేసి ఉంది. అన్నింటిలో ఒకటే వాక్యం: "సివిల్ తగాదా అయినందున అర్జీదారు సంబంధిత కోర్టును ఆశ్రయించవలసినదిగా తెలియజేయడమైనది." పైకి చదివి వినిపించాను. ఆవిడ కాసేపు నన్నే చూసి, "పని జరుగుతా ఉందని రాసినారనుకుంటి నాయనా. ఇంతవరకు ఎవురూ సదివి చెప్పలేదు" అంది.

ఆవిడ కోర్టుకు వెళ్లకుండా ఉండిపోయిన ఏళ్లలో లిమిటేషన్ గడియారం, అంటే దావా వేయడానికి చట్టం ఇచ్చిన గడువు, ఆగలేదు. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం, మీ స్థలాన్ని ఇంకొకరు తమదేనంటూ స్వాధీనంలో పెట్టుకుంటే అప్పటి నుంచి 12 ఏళ్లలోపు దావా వేయాలి. ఆ గడువు దాటితే దావా వేసే అవకాశం పోవడంతో ఆగదు, ఆ చట్టం 27వ సెక్షన్ కింద అసలు హక్కే పోతుంది. మోసపు దస్తావేజు రద్దుకు, విషయం తెలిసినప్పటి నుంచి 3 ఏళ్లే గడువు. హక్కు డిక్లరేషన్‌కూ 3 ఏళ్లే. అర్జీలు ఎన్ని ఇచ్చినా ఈ గడువులు పెరగవు. కలెక్టరేట్ చుట్టూ తిరిగిన కాలాన్ని కోర్టు మినహాయించదు. అవతలివాళ్లకు ఈ విషయం బాగా తెలుసు. "కలెక్టర్ దగ్గర తేల్చుకుందాం రా" అని మిమ్మల్ని పిలిచేది కొన్నిసార్లు వాళ్లే.

ఆవిడను ఉచితంగా వకీలును ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపాను. వకీలు కాగితాలన్నీ చూశారు. బయటివాళ్లకు అమ్మిన భాగంలో వాళ్లు 12 ఏళ్లకు మించి సాగులో ఉన్నారు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దన్నారు. మరిది చేతిలో మిగిలిన భాగం ఉమ్మడి ఆస్తి. ఉమ్మడి హక్కుదారు సాగు చేసుకుంటున్నంత మాత్రాన అవతలివాళ్ల హక్కు పోదు. ఆ భాగానికి పార్టిషన్ (పంపకాల) దావా వేశారు. మొదటి ఎండార్స్‌మెంట్ వచ్చిన రోజే ఎవరైనా చదివి చెప్పి ఉంటే మొత్తం పొలానికి దావా పడేది. తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

దీన్ని చదివి కలెక్టరేటుకు అసలు వెళ్లకూడదనుకోవద్దు. వెళ్లాల్సిన పనులు ఉన్నాయి. పట్టా భూమి పొరపాటున 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) పడితే కలెక్టరునే అడగాలి. విస్తీర్ణం తప్పుపడటం, పేరు తప్పు రాయడం లాంటివి రెవెన్యూ పనే. ఆంధ్రప్రదేశ్‌లో తహసీల్దారు మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఉత్తర్వు నచ్చకపోతే 60 రోజుల్లో ఆర్‌డీఓకు అప్పీలు వేయాలి. తెల్లకాగితం మీద రాసిన వినతిపత్రాన్ని ఎవరూ అప్పీలుగా తీసుకోరు. తెలంగాణలో 2020 చట్టం తీసేసిన అప్పీళ్లను 2025లో వచ్చిన భూభారతి చట్టం తిరిగి తెచ్చింది. అక్కడ కూడా ఉత్తర్వు కాపీ చేతికి రాగానే గడువు చూసుకోండి. తమను చూసుకుంటారన్న షరతు మీద పిల్లలకు ఆస్తి రాసిచ్చి, ఇప్పుడు అన్నం పెట్టేవాళ్లు లేని తల్లిదండ్రులు టెన్షన్ పడాల్సిన పనిలేదు. 2007 సీనియర్ సిటిజన్ల చట్టం 23వ సెక్షన్ కింద ఆర్‌డీఓ ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయండి. ఆ దస్తావేజు చెల్లదని ప్రకటించే అధికారం దానికి ఉంది.

మిగతా అపోహలు

ఐఏఎస్ పాసైతే కలెక్టర్ అయిపోయినట్టే అనుకుంటారు. ఐఏఎస్ సర్వీసు పేరు, కలెక్టర్ అందులో ఒక పోస్టు. అదే మనిషి రేపు సెక్రటేరియట్‌కో, ఏదో కార్పొరేషన్‌కో వెళ్తారు.

డిప్యూటీ కలెక్టర్ అంటే కలెక్టర్ తర్వాత స్థానం కాదు. అది రాష్ట్ర సర్వీసు కేడర్. ఆర్‌డీఓలు ఎక్కువగా ఈ కేడర్ వాళ్లే. కలెక్టర్ తర్వాత స్థానం ఆంధ్రప్రదేశ్‌లో జాయింట్ కలెక్టరుది, తెలంగాణలో 2020 నుంచి అదనపు కలెక్టర్లది.

కలెక్టరునే ఉత్తరప్రదేశ్‌లో డీఎం (డిస్ట్రిక్ట్ మేజిస్ట్రేట్), కర్ణాటకలో డీసీ (డిప్యూటీ కమిషనర్) అని పిలుస్తారు. ఆఫీసు దాదాపు అదే.

నోటీసులో కలెక్టర్ అని ఉంటే జిల్లా కలెక్టరే పంపారనుకుని భయపడేవాళ్లు చాలామంది. స్టాంపు చట్టంలో కలెక్టర్ అంటే మన దగ్గర జిల్లా రిజిస్ట్రార్ కావచ్చు, భూసేకరణలో ఆర్‌డీఓ కావచ్చు. కస్టమ్స్ శాఖలో కూడా 1995 దాకా కలెక్టర్లే ఉండేవారు, ఇప్పుడు కమిషనర్లు అంటున్నారు. నోటీసు కింద ఎవరు సంతకం పెట్టారు, ఏ చట్టం, ఏ సెక్షన్ అన్నవి చూడండి.

కలెక్టర్ సిఫారసు చేస్తే ఉద్యోగం వస్తుందని డబ్బు అడిగేవాళ్లు దొంగలు. పోలీసులకు చెప్పండి.

న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు మీ జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 1987 చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. వెళ్లేటప్పుడు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), అడంగల్ లేదా పహాణీ నకళ్లు, దస్తావేజు కాపీ తీసుకెళ్లండి. మీకొచ్చిన ప్రతి ఎండార్స్‌మెంటూ, దాని మీది తేదీ స్పష్టంగా కనిపించేలా జిరాక్స్ తీసి వాటితో పెట్టండి.