మిద్దె మీద తువ్వాలు

2020 మార్చిలో రాష్ట్రంలో తొలి కరోనా కేసు మా నెల్లూరులోనే బయటపడింది. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. కావలిలో ఉండే మా మేనల్లుడిది అప్పుడు పదో తరగతి. పరీక్షలు వాయిదా పడ్డాయి, జూన్‌లో అసలుకే రద్దయ్యాయి.

పొద్దు వాలగానే వాడు మిద్దెక్కేవాడు. నాలుగు మిద్దెల అవతల నిలబడి వాడి స్నేహితుడు ఎర్ర తువ్వాలు ఊపేవాడు. వీడు చొక్కా విప్పి ఊపేవాడు. ఒకరి మాట ఒకరికి వినపడదు, అయినా నవ్వులే నవ్వులు. కిందికి దిగితే మళ్లీ ముభావం. "ఇంట్లో ఇందరం ఉన్నాం, ఇంకేం కావాలిరా నీకు?" అని మా అక్క బాధపడేది.

వాడికి కావాల్సింది ఆకలి లాంటిదే. ఈ మాట ఊరికే అనడం లేదు. అమెరికాలో ఎం.ఐ.టి. శాస్త్రవేత్తలు 40 మంది పెద్దవాళ్లను ఒకరోజు పది గంటలు ఒంటరిగా, ఇంకోరోజు పది గంటలు పస్తు ఉంచి మెదడు స్కాన్ తీశారు. పస్తున్నవాళ్లకు అన్నం బొమ్మ చూపిస్తే మధ్యమెదడులో డోపమిన్ అనే, కోరిక రేపే రసాయనంతో ముడిపడిన ఏ చోటు స్పందించిందో, ఒంటరిగా ఉన్నవాళ్లకు నలుగురు కలిసి ఉన్న బొమ్మ చూపిస్తే అదే చోటు స్పందించింది. పెద్దవాళ్లకు పది గంటలకే అలా ఉంటే, ఈడొచ్చిన పిలకాయలకు నెలల తరబడి ఎలా ఉండాలి? ఆ వయసులో మెదడు తోటివాళ్ల మెప్పుకు, వెలివేతకు మరీ ఎక్కువ చలిస్తుంది. ఆవేశానికి కళ్లెం వేసే నుదుటి వెనక భాగం మాత్రం ఇరవై దాటాక గానీ పూర్తిగా ఎదగదు. అమ్మానాన్నల ప్రేమ ఎంత ఉన్నా స్నేహితుల లోటు లోటే.

పొద్దెక్కేదాకా పడుకోవడం కూడా బద్ధకం కాదు. ఈ ఈడులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. బడి గంట లేకపోయేసరికి నిద్ర ఇంకా వెనక్కి జరిగింది.

2021లో 29 అధ్యయనాలను కలిపి చూస్తే, లోకం మొత్తం మీద పిల్లల్లో నలుగురిలో ఒకరికి కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. కరోనాకు ముందుతో పోలిస్తే దాదాపు రెట్టింపు. ఇప్పుడైతే మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. అప్పుడు అది లేదు.

జూన్‌లో ఒక సాయంత్రం ఆ స్నేహితుడు మాస్కు కట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. వీడు లోపల, వాడు బయట. అరగంట ఏం మాట్లాడుకున్నారో ఏమో. అక్క రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి గేటు దిమ్మె మీద పెట్టి, ఏమీ అడక్కుండా లోపలికి వెళ్లిపోయింది.