బొమ్మకు పేరు తీసేసి నంబరు వేశాక

అబ్‌స్ట్రాక్ట్ బొమ్మ, అంటే మనిషో చెట్టో అని పోల్చుకోవడానికి ఏ రూపమూ లేని నైరూప్య చిత్రం, కథ చెబుతుందా, లేక కథంతా పక్కన గోడకు అంటించిన లేబుల్‌లోనే ఉందా అన్న గొడవ మళ్ళీ రాజుకుంది. రెండు రంగులు పులిమి పేజీడు కథ రాస్తారని ఒకరు, చూడటం రాకపోతే మేమేం చేస్తామని ఇంకొకరు. ఈ తరహా బొమ్మలకు ఆద్యులైన కాండిన్‌స్కీ, మాలెవిచ్ వేసిన నల్ల చతురస్రం వగైరా అందరూ చెప్పేదే కాబట్టి వదిలేస్తున్నా. నా లెక్కలో అసలు మలుపు 1948.

అంతకుముందు అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ బొమ్మలకు పేర్లుండేవి. 1947లో వేసిన కొన్నిటికైతే పొరుగున ఉండే అనువాదకుడు రాల్ఫ్ మన్‌హైమ్, ఆయన భార్య పేర్లు అందించారు. మరుసటి ఏడాది పొలాక్ పేర్లు మానేసి నంబర్లు వేయడం మొదలెట్టాడు. అంకె ఎటూ మొగ్గదు, అంకె ఉంటే జనం బొమ్మను బొమ్మగానే చూస్తారు అన్నది ఆయన భార్య, తనూ చిత్రకారిణే అయిన లీ క్రాస్నర్ చెప్పిన కారణం. దీనికి సిద్ధాంతం ముందే తయారై ఉంది. చిత్రకళ సాహిత్యం పెత్తనాన్ని వదిలించుకోవాలి, రంగుకూ కాన్వాస్ చదునుకూ కట్టుబడాలి అని విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ 1940లోనే రాశాడు. "అక్కడ కథేం లేదు, రంగే ఉంది" అని ఇవాళ వాదించేవాళ్ళు, ఆయన పేరు వినకపోయినా, ఆయన పాఠమే అప్పజెబుతున్నారు. తమాషా ఏంటంటే, పొలాక్ 1950లో వేసిన ఒకటో నంబరు బొమ్మకు 'లావెండర్ మిస్ట్' అన్న పేరు సూచించింది ఈ గ్రీన్‌బర్గే!

మరి వేసేవాళ్ళంతా ఒప్పుకున్నారా అంటే, లేదు. 1948 నుంచి ఐదేళ్ళు వెనక్కి, 1943 జూన్‌కు వెళ్తే, చిత్రకారులు మార్క్ రోత్కో, అడాల్ఫ్ గాట్లీబ్ న్యూయార్క్ టైమ్స్ పత్రికకు రాసిన ఉత్తరం కనిపిస్తుంది. విషయం లేని మంచి బొమ్మ అంటూ ఉండదని అందులో తెగేసి చెప్పారు. (అప్పటికి వాళ్ళ బొమ్మల్లో పురాణాల ఛాయలు ఇంకా ఉన్నాయి, తర్వాత రోత్కో కూడా నంబర్లకే దిగాడు, అది వేరే సంగతి.) ఆ ఉత్తరం వెనక చెయ్యున్న మరో చిత్రకారుడు బార్నెట్ న్యూమన్ 1958లో నలుపుతెలుపుల్లో నిలువు గీతల బొమ్మలు మొదలుపెట్టాడు. నాలుగోది వేస్తుండగా ఇది క్రీస్తు శిలువ మోసిన దారి అని తనకే తట్టింది. మొత్తం 14 పూర్తయ్యి 1966లో న్యూయార్క్‌లోని గుగన్‌హైమ్ మ్యూజియంలో గోడకెక్కాయి. ఆ దారిని సంప్రదాయంగా పద్నాలుగు ఘట్టాలుగా చెబుతారు, కానీ ఒక్కో బొమ్మకు ఒక్కో ఘట్టం అప్పగించలేదాయన. నన్నెందుకు విడిచిపెట్టావని శిలువ మీద క్రీస్తు దేవుణ్ణి అడిగిన ఒక్క కేకే పద్నాలుగింటా. కథ తర్వాత తగిలించాడని దీన్నే బొమ్మలో కథ లేదనేవాళ్ళు ఎత్తిచూపుతారు. కానీ రాస్తూ రాస్తూ సగంలో కథ దొరికిన రచయితను ఎవరూ తప్పుపట్టరుగా!

1971లో ఆస్ట్రేలియా ఎడారిలోని పాపున్యాలో మూలవాసులు ఇసుక మీదా ఒంటి మీదా గీసే గుర్తుల్ని బోర్డుల మీదికి తెచ్చారు. వలయమంటే నీటిగుంటో మజిలీయో, యూ ఆకారమంటే కూర్చున్న మనిషి. పరాయివాళ్ళు చూడకూడనివి బయటపడ్డాయని సొంతవాళ్ళే అభ్యంతరం చెబితే, ఆ భాగాలు చుక్కల కిందకు వెళ్ళాయి. బయటివాళ్ళు ఆ చుక్కల్ని చూసి ఆధునిక నైరూప్యం అనుకున్నారు. కథ లేకపోవడం వేరు, మనకు చెప్పకపోవడం వేరు కదా.

2014లో జర్మన్ చిత్రకారుడు గెరార్డ్ రిక్టర్ చేసింది దీనికి దగ్గరగానే ఉంటుంది. 1944 ఆగస్టులో నాజీల మృత్యుశిబిరం ఆష్విట్జ్-బిర్కెనౌలో ఖైదీలు దొంగచాటుగా తీసిన నాలుగు ఫొటోల్ని ముందు నాలుగు కాన్వాసుల మీద గీశాడు, ఆనక వాటి మీద పొర మీద పొర రంగు లాగి, గీకి, ఏమీ కనబడకుండా చేశాడు. కింద ఏముందో తెలియనివాళ్ళకు అవి నలుపు, బూడిద, ఎరుపు, ఆకుపచ్చ మరకలు. ఆ బొమ్మల్ని ప్రదర్శించినప్పుడు పక్కనే ఆ నాలుగు ఫొటోల ప్రతులూ పెడుతున్నారు.