యూనియన్ పదవి ఎవరిది? కోర్టుకెక్కే ముందు వదిలించుకోవాల్సిన అపోహలు

రిజిస్ట్రేషన్ నంబరు ఒకటే, ప్రధాన కార్యదర్శులు మాత్రం ఇద్దరు. ఇద్దరి దగ్గరా లెటర్‌హెడ్లు, రబ్బరు స్టాంపులు ఉంటాయి. ఇద్దరి లేఖలూ అందగానే బ్యాంకు ఖాతా ఆపేస్తుంది, యాజమాన్యం వేతన చర్చలు వాయిదా వేస్తుంది. నష్టపోయేది చందా కట్టిన కార్మికుడే.

అపోహ: లేబర్ ఆఫీసులో పేర్లు ఎక్కితే పదవి ఖాయం.

వాస్తవం: లేబర్ ఆఫీసులో కార్మిక సంఘాలను నమోదు చేసే అధికారి రిజిస్ట్రార్. ఆయన చేసేది నమోదు మాత్రమే. పోటీ కమిటీల్లో ఏది చెల్లుతుందో తేల్చే అధికారం ఆయనకు లేదని 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం కింద పలు హైకోర్టులు చెప్పాయి.

అపోహ: సివిల్ కోర్టులో దావా వేస్తే సరి.

వాస్తవం: పాత చట్టం కింద అదే దారి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని మార్చింది. కార్యవర్గ ఎన్నికపై సభ్యులకూ యూనియన్‌కూ వివాదం వస్తే, 22వ సెక్షన్ ప్రకారం యూనియన్ రిజిస్టర్డ్ కార్యాలయం ఏ పారిశ్రామిక ట్రైబ్యునల్ పరిధిలో ఉందో అక్కడే దరఖాస్తు చేయాలి. అలాంటి వివాదాన్ని సివిల్ కోర్టు విచారణకు తీసుకోకూడదు. పాత దావా నమూనాలు పక్కన పెట్టేయండి.

అపోహ: ఎక్కువమంది మనవైపే ఉన్నారు, గెలుపు మనదే.

వాస్తవం: ఎక్కువ కేసులు పోయేది ఇక్కడే. చేతులెత్తినవాళ్లను లెక్కపెట్టేకంటే ముందు ఆ సమావేశాన్ని ఎవరు పిలిచారో చూస్తారు. బైలా (యూనియన్ నియమావళి) ప్రకారం పిలిచే అధికారం కార్యదర్శిదైతే, ఉపాధ్యక్షుడు పిలిచిన సభకు ఎంతమంది వచ్చినా ఆ ఎన్నిక నిలవడం కష్టం. కార్యదర్శి పిలవనంటే, బైలాలో చెప్పినంత మంది సభ్యుల సంతకాలతో రిక్విజిషన్ (సభ పిలవమని కోరే లేఖ) ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుని, గడువు ముగిశాకే ముందుకెళ్లాలి. 15 రోజుల నోటీసు అని ఉంటే 15 రోజులూ ఇవ్వాల్సిందే. బోర్డు మీద అంటించిన నోటీసుకు తేదీ కనిపించేలా ఫొటో తీసి పెట్టుకోండి. సభ్యత్వ రిజిస్టరు, చందా రసీదుల కౌంటర్‌ఫాయిళ్లు, హాజరు సంతకాలు, మినిట్స్ పుస్తకం ఒకదానితో ఒకటి సరిపోలాలి. రిజిస్టరులో లేని పేరు హాజరు పట్టికలో ఉంటే ఎదుటి న్యాయవాది ముందు పట్టుకునేది దాన్నే.

ఎన్నికల ముందు ప్రత్యర్థులను బహిష్కరించడం మరో పెద్ద పొరపాటు. ఆరోపణ రాసివ్వకుండా, జవాబుకు గడువివ్వకుండా తీసేస్తే ఆ బహిష్కరణ నిలవదు. వాళ్లకు ఓటు లేకుండా జరిపిన ఎన్నిక కూడా దానితోపాటే ప్రమాదంలో పడుతుంది.

అపోహ: గుర్తింపు ఎన్నికల్లో గెలిచాం, కమిటీ గొడవ తీరినట్టే.

వాస్తవం: సింగరేణిలో 2023 డిసెంబర్ 27న జరిగినది ఏ సంఘానికి గుర్తింపు ఇవ్వాలన్న ఓటింగ్. ఆ సంఘానికి కార్యదర్శి ఎవరన్నది వేరే విషయం.

అపోహ: కేసు నడుస్తున్నంతకాలం పాత కమిటీదే రాజ్యం.

వాస్తవం: పదవీకాలం మూడేళ్లు మించకూడదని పాత చట్టానికి 2001లో చేసిన సవరణ పెట్టిన నియమం కోడ్‌లోనూ ఉంది. కేసు వేసినంత మాత్రాన పదవీకాలం పెరగదు. ఒట్టి ‘స్టేటస్ కో’ (ఉన్నది ఉన్నట్టే ఉంచమనే ఉత్తర్వు) అడిగితే చెక్కు పుస్తకం ఎవరి దగ్గరుంటే వాళ్లకే లాభం. అందుకే మధ్యంతర దరఖాస్తులోనే విడివిడిగా అడగండి: ఖాతా నుంచి ఏయే ఖర్చులకు డబ్బు తీయవచ్చు, చర్చలకు ఎవరు కూర్చోవాలి, ఏ తేదీనాటి సభ్యత్వ జాబితాతో, ఎవరి పర్యవేక్షణలో మళ్లీ ఎన్నిక జరపాలి.